పద్మవ్యూహమున పుస్తకములు

‘వ్యూహము’ అను మాట మనకు యుద్ధభూమి నుండి వచ్చినది. నేడు దానిని కార్యాలయములవారు కడు ప్రీతితో వాడుచున్నారు. మురుగు పాఱుటకు వ్యూహము, చెత్త యెత్తుటకు వ్యూహము, ఇపుడు పాఠశాలల గ్రంథాలయములకును వ్యూహాత్మక ప్రణాళిక కావలెనని వినవచ్చుచున్నది. కావలసినదే, నేను కాదనను. కాని యా మాట వినినపుడెల్ల నాకు ద్రోణుడు పన్నిన పద్మవ్యూహమును, తల్లి కడుపులో నుండగా దాని లోనికి చొచ్చు విధము మాత్రము విని వెలికి వచ్చు విధము వినకపోయిన ఆ బాలవీరుడును జ్ఞప్తికి వత్తురు. మన పాఠశాలకు వచ్చు పుస్తకము గతియు నదియే. లోనికి పోవు దారి దానికి చక్కగా తెలియును: గ్రాంటు మంజూరగును, కట్టలు దిగును, స్టాకు రిజిస్టరులో వరుససంఖ్య యెక్కును, మొదటి పుటపై గుండ్రని ముద్ర పడును, బీరువా తలుపు మూతపడును. ఆ బీరువా నుండి బాలుని సంచిలోనికిని, సంచి నుండి వాని యింటి యరుగు మీదికిని, పదుగురి చేతులలో చినిగి జీర్ణమైన పిదప లెక్కల నుండి గౌరవముగ వెడలిపోవుటకును గల దారిని మాత్రము దాని కెవ్వరును చెప్పియుండలేదు. ఈ వెలుపలి దారిని గూర్చి యొక్క వాక్యమైనను లేని ప్రణాళిక, ఎన్ని కోట్ల రూపాయలతో కూడినదైనను, బీరువాలకు ప్రణాళిక యగును గాని గ్రంథాలయములకు గాదు.

నేను చదివిన ఉన్నత పాఠశాలలో అట్టి బీరువాలు మూడుండెడివి. ప్రధానోపాధ్యాయుల గదికి వెనుక, దేశపటములును విరిగిన కుర్చీలును పడవేయు చీకటి గదిలో అవి గోడకు చేర్చబడియుండెడివి. వానిలో నొకదానికి అద్దపు తలుపు లుండుటచే, కిటికీ గుండ వెలుతురు వ్రాలు మధ్యాహ్నవేళ, లోపలి పుస్తకముల వీపులమీది యక్షరములు మాకు కనబడుచుండెడివి. ఐదేండ్ల పాటు ఆ యద్దమునకు ముక్కు ఆనించి చదివిన పేర్లు కొన్ని నేటికిని నాకు కంఠస్థములు. ఆ పుస్తకములలో నొక్కటియు నా చేతికి రాలేదు. అందులకు నేను చిరకాలము గ్రంథాలయపు చార్జి చూచు లెక్కల మాస్టారిని మనసులో నిందించుచుంటిని. పెద్దవాడనైన పిమ్మట, ఉద్యోగము చాలించి యింటిపట్టున నున్న ఆయనను చూడబోయినపుడు, మాటలలో నా బీరువాల ప్రసక్తి వచ్చినది. ఆయన నవ్వి, “నాకు ముందు చార్జి చూసినాయన రిటైరయ్యేనాటికి నలభై రెండు పుస్తకాలు లెక్క తేలలేదురా అబ్బాయ్. సొంత డబ్బు కట్టి నోడ్యూస్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. తాళంచెవి నా చేతిలో పెడుతూ ఒక్కటే మాట అన్నాడు, తెరవొద్దని” అనిరి. ఆ దినము మొదలు నే నాయనను నిందించుట మానితిని. తన జీతముతో నలుగురు బిడ్డలను చదివించుకొనవలసిన మనుష్యుడు, ఊరివారి బిడ్డలు పోగొట్టు పుస్తకములకు పూచీపడి బీరువా తెరచునని యెదురుచూచుట మనకే తగదు.

గ్రంథాలయోద్యోగులలో నొక కథ చెప్పుకొందురు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున గత శతాబ్దికి పూర్వపు గ్రంథాలయాధికారి యొకడు మిగుల సంతోషముతో ఆవరణము దాటిపోవుచుండగా, ఏమి విశేషమని యొక మిత్రుడడిగెనట. రెండు తప్ప పుస్తకములన్నియు తిరిగి వచ్చినవనియు, ఆ రెండును ఆగసీ పండితునియొద్ద నున్నవనియు, వానిని తెచ్చుకొనుటకే పోవుచున్నాననియు నాతడు చెప్పెనట. మనము నవ్వుకొందుము గాని, మన పాఠశాలలలో నాటికిని నేటికిని ఆదర్శమై నిలిచినవా డీ పుణ్యాత్ముడే. పుస్తకములన్నియు తమ తమ స్థానములలో నుండుటయే గ్రంథాలయమునకు ఆరోగ్యమని మన లెక్కల పద్ధతి నమ్మినది. ఈ భ్రమను పోగొట్టుటకే షియాలి రామామృత రంగనాథన్‌గారు 1931లో తమ పంచసూత్రములను ప్రకటించుచు, పుస్తకము లుపయోగించుట కొఱకే యను సూత్రమును మొట్టమొదట నుంచి, యూరపులో మధ్యయుగముల నాడు గ్రంథములను గొలుసులతో బల్లలకు బంధించిన వైనమును విపులముగా స్మరించిరి. గొలుసులు పోయినవి. వాని స్థానమున మనకు వచ్చినది స్టాకు వెరిఫికేషన్.

ఈ యవస్థ క్రొత్తదియు గాదు. 1952-53లో మదరాసు విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షులు లక్ష్మణస్వామి మొదలియారుగారి యధ్యక్షతను మాధ్యమిక విద్యను పరిశీలించిన సంఘము, అత్యధిక పాఠశాలలలో గ్రంథాలయమని పేర్కొనదగినదే లేదనియు, ఉన్న పుస్తకములు పాతవియు, పిల్లల యభిరుచుల నెఱుగక యేరినవియు ననియు, వానిని చూచువాడు గుమాస్తాయో, పుస్తకములం దిష్టము లేని యుపాధ్యాయుడో యనియు నిష్కర్షగా వ్రాసినది. ఆ మీదట 1987లో ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ వచ్చినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము తన యనుబంధములో ప్రతి పాఠశాలకును వార్తాపత్రికలు, మాసపత్రికలు, కథల పుస్తకములతో గూడిన గ్రంథాలయ ముండవలెనని శాసించినది. 2018-19 మొదలు సమగ్ర శిక్ష క్రింద పాఠశాల స్థాయిని బట్టి ఏటేట 5 వేల నుండి 20 వేల రూపాయల వరకు గ్రంథాలయపు గ్రాంటు ఏర్పడినది. ధన మొకింత వచ్చినది, చట్టము వచ్చినది, పుస్తకములును వచ్చినవి. వీనిలో నేదియు తాళముచెవి చేతనుంచుకొన్న మనుష్యుని భయమును ముట్టలేదు.

ఆ భయమునకు ఔషధము లేదా? కలదు, అదియు ఎక్కడనో కాదు, కేంద్రప్రభుత్వపు సాధారణ ఆర్థిక నియమావళిలోనే కలదు. 2017 నాటి యా నియమావళిలోని 215వ నియమము గ్రంథాలయములను గూర్చి రెండు సంగతులు చెప్పుచున్నది. 20 వేల సంపుటములకు మించని గ్రంథాలయమును ప్రతి సంవత్సరమును పూర్తిగా తనిఖీ చేయవలెనన్నది మొదటిది. దీనిని మన కార్యాలయములవా రెఱుగుదురు. రెండవ దానిని అంతగా తలచుకొనరు: ఒక యేడాదిలో పాఠకుల కిచ్చిన లేక పాఠకులు చూచిన ప్రతి వేయి సంపుటములకు నైదు పోయినను అది సహజమైన నష్టముగా భావింపవచ్చును; ఆ నష్టము దుర్బుద్ధిచేతనో యజాగ్రత్తచేతనో కలిగినది మాత్రము కారాదు. వేయి రూపాయలకు మించిన వెల గలదియో, వెలతో నిమిత్తము లేక అరుదైనదియో యగు గ్రంథము పోయినపుడే ప్రత్యేకముగ విచారణ జరుపవలెను. పిల్లల పుస్తకములలో వేయి రూపాయల వెల గలది యెన్నింట నొకటి?

ఈ నియమమును తాపీగా చదివిన కొలది దానిలోని సొగసు బయటపడును. వేయింటికి నైదన్నది బీరువాలో నున్న పుస్తకముల సంఖ్యపై గాదు, పాఠకుల చేతికిచ్చిన పుస్తకముల సంఖ్యపై. మూడువందల మంది పిల్లలున్న పాఠశాలలో ఒక్కొక్కరు నెలకు రెండేసి పుస్తకముల చొప్పున పది నెలలు తీసికొనిరనుకొందము. ఏడాదికి 6 వేల సారులు పుస్తకములు చేతులు మారును. అపు డా లెక్కన 30 పుస్తకములు పోయినను సహజనష్టమే. బీరువా తెరువని పాఠశాలలో ఇచ్చినది సున్న గనుక క్షమింపదగిన నష్టమును సున్నయే. అచ్చట చెదలు తినిన ప్రతి పుటకును, రామబాణపు పురుగు తొలిచిన ప్రతి యట్టకును మాస్టారే జవాబుదారి. అనగా నియమము ననుసరించి చూచినను, ఎంతగా పంచిన నంతగా ఉపాధ్యాయునికి రక్షణ. తాళము వేసిన నున్న రక్షణయు పోవును. మా లెక్కల మాస్టారికి ఇట్టి నియమ మొకటి వర్తించి, ఆ సంగతి యెవరైన నొక్కమాఱు చెప్పియుండినచో, ఆయన గణితజ్ఞులు గావున, మఱుసటి యుదయముననే తాళము తీసియుందురని నా నమ్మకము.

ఈ నియమము కేంద్రప్రభుత్వపు శాఖలకు విధించినది. రాష్ట్ర పాఠశాలలను నేరుగా పాలించునది గాదు. ఐనను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు రెండును తమ పాఠశాలలకొఱకు చేయదలచు గ్రంథాలయ ప్రణాళికకు ఇట్టి యుత్తరువునే మొదటి పుటగా నుంచవలెనని నా మనవి. పిల్లలు పెద్దల కన్న నెక్కువగ చింపుదురు, మఱతురు, చెల్లెలి కిత్తురు, వానలో తడుపుదురు. కావున వేయింటికి నైదు చాలదు, పది యనుడు, పదునైదనుడు. సంఖ్య యేదైనను సరియే, అది ముందుగా, స్పష్టముగా, పాఠశాల ప్రధానులకు సుబోధమగు తెలుగులో, ఒక్క పుటకు మించకుండ రావలెను. రంగుల బొమ్మలతో అచ్చొత్తించు ‘విజన్’ పత్రముల కన్న ఈ యొక్క పుటయే యెక్కువ బీరువాలను తెరచును.

ప్రజల సొత్తునకు ఇంత యుదారత తగునా యని యడుగువారుందురు. వారి శంక న్యాయమైనదే; కాని వారు నల్లబల్ల యరుగుట సహజమందురు, సుద్దముక్క కరుగుట సహజమందురు, ప్రయోగశాలలో పరీక్షనాళిక పగిలిన దానికై యొక పద్దు వ్రాసికొందురు; పుస్తక మొక్కటే యజరామరముగ నుండవలెనని యేల కోరుదురో నాకు బోధపడదు. మెత్తని యట్ట, పలుచని కాగితము గల బొమ్మల పుస్తకము పదునైదుగురు పిల్లల యిండ్లకు పోయి వచ్చినచో దాని యాయువు తీరినట్లే. అది తన వెల కన్న నెక్కువ చేసినది. కావున ప్రణాళికలో రెండవ యంశము ప్రతి వేసవిని జీర్ణ పుస్తకములను వేఱు చేసి, ముగ్గురుపాధ్యాయుల సంతకముతో లెక్కల నుండి తొలగించి, ఆ స్థలమును క్రొత్త పుస్తకములతో నింపుట. వేయి పుస్తకముల గ్రంథాలయమున ఏటికి నూఱైన మారనిచో పదేండ్లకు మిగులునది పురావస్తుశాల. సగటున నొక్కొక్క పుస్తకమునకు నూఱు రూపాయలనుకొన్నను 10 వేల గ్రాంటుతో నీ పని నెఱవేరును. ఆ గ్రాంటు మార్చి నెలాఖరున ఊపిరాడకుండ వచ్చి, మూడు దినములలో యుటిలైజేషన్ సర్టిఫికెటు పంపుమని తొందరపెట్టినపుడు మాత్రము ఎట్టి మేధావియు నూఱు మంచి పుస్తకముల నేరలేడు.

పుస్తకముల నేరుట యనగానే జ్ఞప్తికి వచ్చినది. మన పాఠశాలల పుస్తకములలో నధికభాగము ఎక్కడనో పైనుండి యేరబడి, కట్టలుగా దిగునవి. ఆరవ తరగతి వానికి పరిపాలనాశాస్త్రమును, మూడవ తరగతి దానికి మహనీయుల జీవితచరిత్రలు నలుబదియు నొక్కమాఱుగ వచ్చినను ఆశ్చర్యపడనక్కఱలేదు. జీవితచరిత్రలన్న నాకు ద్వేషము లేదు. కాని 1945లో న్యాయపతి దంపతులు ‘బాల’ను, 1947లో నాగిరెడ్డి, చక్రపాణిగారలు ‘చందమామ’ను ప్రారంభించినపుడు పిల్లలు వానికై పోస్టుమాన్ వెంట పరుగెత్తినది నీతి కొఱకు గాదు, కథ కొఱకు. నేటికిని నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయమున, సికింద్రాబాదు ‘మంచి పుస్తకం’ వారి చిన్న చిన్న బొమ్మల కథలలో, తెలుగు పిల్లలు విడువక చదువు పుస్తకములు తక్కువ వెలకు దొరకుచున్నవి. నా సూచన మిక్కిలి చిన్నది: విజయవాడలో జనవరి మొదట జరుగు పుస్తక మహోత్సవమునకో, హైదరాబాదు పుస్తక ప్రదర్శనకో, అవి దూరమైనచో జిల్లా కేంద్రమున నేర్పఱచు నొక చిన్న సంతకో, ప్రతి పాఠశాల నుండి నలుగురు పిల్లలను ఒక యుపాధ్యాయునితో పంపి, గ్రాంటులో సగము వారి చేత ఖర్చు పెట్టింపుడు. వారు కొన్ని పనికిమాలినవియు తెత్తురు. మనము తెప్పించినవానిలో అట్టివి లేకపోలేదు గదా!

ఇక మనుష్యుని మాట. కేంద్రీయ విద్యాలయములలో గ్రంథాలయాధికారి యుండును, టైమ్‌టేబులులో లైబ్రరీ పీరియడ్ ఉండును. గురుకులములలోను ఆ పోస్టులు కొన్ని కలవు. జిల్లా పరిషత్తు పాఠశాలలలో, ప్రాథమిక పాఠశాలలలో ఆ భారము ఏ తెలుగు పండితుని పైననో, పి.ఇ.టి. పైననో పడును. పోస్టులు మంజూరు చేయుమని కోరుట ధర్మము. వచ్చువఱకు చేతులు ముడిచికొని కూర్చుండుట ధర్మము గాదు. గ్రంథాలయపు చార్జి గల యుపాధ్యాయునికి వారమునకు నాలుగు పీరియడ్ల బోధన తగ్గించి, ఆ నాలుగును టైమ్‌టేబులులో పేరుపెట్టి వ్రాసి, ఏడవ, ఎనిమిదవ తరగతుల పిల్లల నిద్దఱిద్దఱను ఇష్యూ రిజిస్టరు వద్ద కూర్చుండబెట్టినచో కార్యము సాగును. పన్నెండేండ్ల పిల్ల తన తరగతివారి నుండి పుస్తకమును తిరిగి రాబట్టు నేర్పు ఏ యధికారికిని లేదని నేను కన్నులార చూచి చెప్పుచున్నాను.

పాఠశాల ప్రహరీగోడ వద్దనే యాగిపోవుట మన ప్రణాళికల కింకొక దోషము. తెలుగువా రీ విషయమున నొకరి యొద్ద నేర్వవలసినవారు గారు. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు జీవితమంతయు దానికే యంకితము చేసిరి. 1918లో వేటపాలెమున వెలసిన సారస్వత నికేతనపు భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. తెనాలి ప్రాంతపు కాలువ మీద 1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు నింపి రేవు రేవునకు పంపిరి. అంతకు నాలుగేండ్లకు ముందు తంజావూరు జిల్లా మన్నారుగుడిలో ఎడ్లబండి గ్రంథాలయము బయలుదేరినది. పుస్తకము కదలవలెనని, పాఠకుని కొఱకు రేవులో నిలువవలెనని వీరికి తోచినది. నేడు మన పల్లెలకు రోడ్లున్నవి, స్కూల్ కాంప్లెక్సు లను పేర పది పండ్రెండు పాఠశాలలను కూర్చిన యేర్పాటున్నది. ఒక్కొక్క పాఠశాలకు నొక్కొక్క పెట్టె చొప్పున నూఱేసి పుస్తకములు పెట్టి, రెండు నెలలకొకసారి కాంప్లెక్సు సమావేశ దినమున పెట్టెలు మార్చుకొన్నచో, ఐదువేల రూపాయల గ్రాంటు వచ్చు చిన్న పాఠశాలలోని పిల్లలును రెండేండ్లలో వేయి పుస్తకములకు పైగా చూతురు. ఏకోపాధ్యాయ పాఠశాలకు వేఱు మార్గము నాకు తోచుటలేదు.

అదియుగాక, 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి మనము చెల్లించు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు పోవుచున్నది. దానిని పంచాయతీలు, పురపాలక సంఘములు సకాలమున జమకట్టుటలేదని జిల్లా గ్రంథాలయ సంస్థలు మొఱపెట్టుట నిత్యము వినుచున్నాము. ఆ తగవు తీరునప్పటికి తీరును; ఈలోపల ఊరిలోని శాఖా గ్రంథాలయమునకు పాఠశాల పిల్లలందఱిని రుసుము లేక సభ్యులుగ చేర్చుటకును, వేసవిలో పాఠశాల పుస్తకములను ఆ శాఖకు బదిలీ చేసి యుంచుటకును అడ్డమేమి? బహిరంగ గ్రంథాలయము లేనిచోట పాఠశాల గ్రంథాలయమే ఊరివారికి తలుపు తీయవలెనని మొదలియారు సంఘమే చెప్పియున్నది. పాఠశాలలు విద్యామంత్రి క్రింద నొక దస్త్రములో, గ్రంథాలయములు అదే మంత్రి క్రింద వేఱొక దస్త్రములో నుండుటయే యడ్డమనువారి కేమని బదులు చెప్పుదుము?

ట్యాబులు వచ్చిన యీ కాలమున పుస్తకమెందుకను వాదమును నేను పొడిగింపను; చార్జింగు లేని సాయంకాలమున ఆ వాదము చేయువారే సమాధానము తెలిసికొందురు.

పరిశీలనకు వచ్చు మండల విద్యాధికారి గ్రంథాలయమును గూర్చి యడుగు ప్రశ్న సామాన్యముగ నొక్కటే: “పుస్తకాలు ఎన్ని ఉన్నాయండీ?” ఆ ప్రశ్న మారినచో తక్కినది చాల మట్టుకు దానంతటదియే మారును. ఈ నెల నెన్ని పుస్తకము లిండ్లకు పోయినవి, ఏ పుస్తకమును ఎక్కువమంది యడిగిరి, ఈ యేడాది యెన్ని చినిగి పోయినవి అని యడుగవలెను. ఒక్కటియు చినుగలేదన్న పాఠశాలను నిలదీసి కారణ మడుగవలెను.

గత సంవత్సరము ఒక మండలములోని ఉన్నత పాఠశాలకు పోయినపుడు, అచ్చటి సోషల్ టీచరమ్మ నాకొక కథల పుస్తకము చూపినది. దాని యట్ట యెప్పుడో పోయినది. దాని స్థానమున పెండ్లి శుభలేఖ నొకదానిని మడిచి యతికించిరి. పుటలమీద పసుపు మరకలు, ఒకచోట నూనె. వెన్నంతయు ఎఱ్ఱని దారముతో కుట్టుమిషనుపై కుట్టబడియున్నది. ఎవరు కుట్టిరని యడిగితిని. పుస్తకము చింపిన పిల్లవాని తల్లి టైలరట. కొడుకును నాలుగు చీవాట్లు పెట్టి, తానే రాత్రి కూర్చుండి కుట్టి, కుట్టుచు సగము చదివి, మిగిలిన సగమునకై మఱల పంపుమని కబురు చేసినదట. టీచరమ్మ ఇష్యూ రిజిస్టరు తెఱచి, ఆ పిల్లవాని పేరు క్రింద రెండవమాఱు వ్రాసిన వరుసను నాకు చూపినది. దానిలో తరగతి యను గడిలో ‘అమ్మ’ అని యున్నది.